పొడుగు నేర్పలేం, సరే. మరి ఆట?

ఏడడుగుల కుర్రాడు కనబడితే చాలు, కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌లు వాడి ఇంటి ముందు వాలిపోతారు. అది ఆటకే చిన్నతనం అనేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. "వాడికి ఆటేం వచ్చు? రింగు కింద నిలబడి చెయ్యెత్తుతాడు, అంతేగా" అంటారు. వాళ్ళతో నాకు పేచీ ఉంది. "పొడుగుంటే చాలు, మిగతాది అదే వస్తుంది" అనేవాళ్ళతో ఇంకా పెద్ద పేచీ ఉంది.

ఈ రెండో రకంలో మా బావమరిది ఒకడు. గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీ. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలకి పిల్లల్ని తయారు చేస్తుంటాడు. ఇండియానాలో ఉంటున్న నేను, దేశం కప్పు టోర్నీ జరిగే మార్చి వచ్చిందంటే కాలేజీ మ్యాచ్‌లకి అతుక్కుపోతానని వాడికి తెలుసు. ఓసారి ఫోన్లో ఈ చర్చే వస్తే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "బావా, షాటు నేర్పగలం, పాసు నేర్పగలం. పొడుగు నేర్పగలమా?"

అమెరికా కోచ్‌లు కూడా తరాలుగా చెప్పుకునే మాటే ఇది. అబద్ధమేం కాదు గానీ, సగం మాట. పొడుగు నేర్పలేం కాబట్టి పొడుగువాణ్ణి వెతికి తెచ్చుకున్నారు, బాగుంది. ఇక నేర్పగలిగినవన్నీ నేర్పాలి కదా? ఎన్నాళ్ళు నేర్పుతారు? నేర్చుకునే లోపు వాడి పాదం విరిగితే ఎవరు చూసుకుంటారు? నా గొడవంతా ఈ రెండో సగం గురించే. పొడవు చూసి చేర్చుకోవడంలో తప్పు లేదు. నేర్పే ఓపిక, ఆ ఒంటిని కనిపెట్టుకునే బాధ్యత లేని కాలేజీ మాత్రం ఆ కుర్రాడి జోలికి పోకూడదు.

ముందు మొదటి రకం వాళ్ళ సంగతి. పొడవు వాడు సంపాదించుకున్నది కాదు, పుట్టుకతో వచ్చింది, కాబట్టి దాన్ని ప్రతిభ అనకూడదంటారు. మరి కండరాల్లో వేగం ఎవడు సంపాదించుకున్నాడు? పది మందిలో బంతి ఎటు పోతుందో ముందే పసిగట్టే చూపు ఏ కోచింగ్ సెంటర్లో దొరుకుతుంది? పైగా ఈ ఆట పొడుగువాళ్ళకి దాసోహమన్నదేమీ లేదు. వాళ్ళు పెద్ద ఇబ్బంది అయిన ప్రతిసారీ రూల్సు మార్చుకుంటూ వచ్చింది. 1940ల మొదట్లో డిపాల్ కాలేజీలో 6 అడుగుల 10 అంగుళాల జార్జ్ మైకన్, ఓక్లహోమా ఏ అండ్ ఎంలో ఏడడుగుల బాబ్ కర్లండ్ రింగు దగ్గర కాపు కాసి, దిగే బంతిని దిగినట్టే తోసేస్తుంటే, రింగులోకి దిగుతున్న బంతిని ముట్టుకోకూడదని 1944లో నిషేధం పెట్టారు. 1950ల్లో కాన్సాస్‌కి విల్ట్ చాంబర్లిన్ వచ్చాడు. ఫిలడెల్ఫియా ఓవర్‌బ్రూక్ హైస్కూల్లో ఉండగా 200కి పైగా కాలేజీలు అతని కోసం ఎగబడ్డాయి. ఆ దశకంలోనే రింగు ముందు గీతలు గీసి ఉంచే గడి వెడల్పు 6 అడుగుల నుంచి 12 అడుగులైంది, పొడుగువాడు రింగుని అంటిపెట్టుకుని ఉండకుండా. యూసీఎల్ఏలో లూ అల్సిండర్, అంటే తర్వాతి కరీమ్ అబ్దుల్ జబ్బార్, మొదటి సీజన్లోనే కప్పు కొట్టేసరికి 1967లో కాలేజీల్లో డంకునే, అంటే ఎగిరి బంతిని పైనుంచి రింగులోకి కుక్కడాన్నే, నిషేధించారు. 1976 దాకా ఆ నిషేధం నడిచింది. అల్సిండర్ మిగిలిన రెండేళ్ళూ కూడా కప్పు కొట్టాడు, అది వేరే సంగతి.

ఇన్ని కంచెలు కట్టినా పొడుగువాడికి ఇంకా విలువ ఉందంటే, వాడు నిలబడి చెయ్యెత్తడం వల్ల కాదని తెలియాలి.

ఆ మైకన్ దగ్గరే కాసేపు ఆగుతాను. నాకీ విషయంలో అంతకన్నా నచ్చిన కథ లేదు. ఇల్లినాయ్‌లో జోలియెట్ ఊరివాడు. కళ్ళకి సోడాబుడ్డి అద్దాలు. నోటర్‌డామ్‌కి వెళ్ళి ఆడి చూపిస్తే, కాళ్ళూ చేతులూ అదుపులో లేవని అక్కడి కోచ్ తిప్పి పంపేశాడు. 1942లో డిపాల్‌కి రే మేయర్ అనే కుర్ర కోచ్ వచ్చాడు. అతను ఈ కుర్రాడి ఎత్తు చూసి సంబరపడి ఊరుకోలేదు. తాడాట ఆడించాడు. బాక్సింగ్ నేర్పించాడు. డాన్సు పాఠాలు చెప్పించాడు, అదీ పొట్టి అమ్మాయితో, అడుగులు చూసుకుని వెయ్యడం అలవాటు కావాలని. రింగు కింద నిలబెట్టి ఒకసారి కుడి పక్కనుంచి కుడిచేత్తో, మరోసారి ఎడమ పక్కనుంచి ఎడంచేత్తో, బంతిని నేలకి తగలనివ్వకుండా వందలసార్లు వేయించాడు. దాని పేరే మైకన్ డ్రిల్. ఇప్పటికీ అమెరికాలో ఏ స్కూలు జిమ్‌లోకి తొంగి చూసినా ఎవరో ఒక పిల్లాడు ఆ పనిలో ఉంటాడు. న్యూయార్కులో చిన్నప్పుడు అల్సిండర్ నేర్చుకున్నదీ అదే, అతని హుక్ షాటు అక్కణ్ణుంచి మొదలైందే. నోటర్‌డామ్ చూసిందీ డిపాల్ చూసిందీ ఒకే కుర్రాణ్ణి. ఒకరికి గడబిడ శరీరం కనబడింది, ఇంకొకరికి చెయ్యాల్సిన పని కనబడింది. 1945లో డిపాల్ ఎన్ఐటీ అనే జాతీయ ఆహ్వాన టోర్నీ గెలిచింది. ఆ రోజుల్లో దాని గౌరవం, కాలేజీ ఆటల్ని నడిపే సంఘమైన ఎన్‌సీఏఏ పెట్టే టోర్నీకి ఏమాత్రం తక్కువ కాదు.

బాగా పొడుగైన కుర్రాళ్ళు ఆటలో ఆలస్యంగా తేరుకుంటారు. ఒక్క ఏడాదిలో అరడజను అంగుళాలు పెరిగినవాడికి తన చెయ్యి ఎక్కడ ముగుస్తుందో తనకే తెలియదు. గరిమనాభి మారిపోతుంది, మోకాళ్ళు నొప్పెడతాయి, నిన్నటిదాకా పట్టిన బంతి ఇవాళ జారిపోతుంది. మన ఇళ్ళల్లో వాణ్ణి "తాడిలా పెరిగావు, మెదడు మోకాల్లో ఉందా" అని తిట్టేది సరిగ్గా ఆ వయసులోనే. పదహారేళ్ళవాణ్ణి చూసి ఇరవైరెండేళ్ళకి ఏమవుతాడో చెప్పడం బంతి నడిపించే గార్డుల విషయంలోనే కష్టం, రింగు దగ్గర ఆడే పొడుగు సెంటర్ల విషయంలో అది దాదాపు జోస్యం.

జోస్యం ఎలా తప్పుతుందో మా ఇండియానావాళ్ళు కళ్ళారా చూశారు. టొరంటో కుర్రాడు జాక్ ఈడీ చిన్నప్పుడు ఐస్ హాకీ, బేస్‌బాల్ ఆడేవాడు. మనవాళ్ళ లెక్కలో పదో తరగతి వయసుకి గానీ బాస్కెట్‌బాల్ పట్టలేదు. రిక్రూటింగ్ జాబితాల్లో వాడి స్థానం 400 దాటి ఎక్కడో ఉండేది. 7 అడుగుల 4 అంగుళాలున్నవాడు 400 దాటి! మా ఇండియానాలోనే ఉన్న పర్డ్యూ యూనివర్సిటీలో మొదటి ఏడాది మ్యాచ్‌కి సగటున 8.7 పాయింట్లు. రెండో ఏడాది ట్రెవియన్ విలియమ్స్‌తో వంతులేసుకుని మ్యాచ్‌లో సగంసేపే కోర్టులో ఉన్నాడు, 14.4. మూడో ఏడాది 22.3, నాలుగో ఏడాది 25.2. 2023లో, 2024లో వరసగా దేశంలో ఉత్తమ ఆటగాడు. వర్జీనియా తరఫున ఆడిన రాల్ఫ్ సాంప్సన్ తర్వాత అలా వెంటవెంటనే ఎవరూ గెలవలేదు. సాంప్సన్ కూడా 7 అడుగుల 4 అంగుళాలవాడే. తర్వాత ప్రొఫెషనల్ లీగైన ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్తవాళ్ళని ఎంచుకునే చోట, మెంఫిస్ ఈడీని తొమ్మిదో స్థానంలో తీసుకుంది.

పర్డ్యూలో కోచ్ మాట్ పెయింటర్‌కి ఇది అలవాటైన పని. ఈడీ కన్నా ముందు ఏజే హామన్స్, ఐజక్ హాస్, మాట్ హార్మ్స్, అందరూ ఏడడుగులు, ఆపైన. ఒకణ్ణి మొదట బెంచీ మీద కూర్చోబెట్టి, సీనియర్ పక్కన పెట్టి, మెల్లగా పని అప్పజెప్పే పద్ధతి అక్కడుంది.

అలాగని ఎత్తు ఉంటే గెలుపు రాసిపెట్టి ఉన్నట్టేం కాదు. 2023 మార్చిలో టోర్నీ మొదటి రౌండులోనే ఫెయిర్లీ డికిన్సన్ అనే చిన్న కాలేజీ పర్డ్యూని 63-58తో ఇంటికి పంపింది. సగటు ఎత్తులో డివిజన్-1, అంటే కాలేజీ ఆటల పై మెట్టు, మొత్తం మీద అట్టడుగున ఉన్న జట్టు అది. ఈడీకి ఆ రోజు 21 పాయింట్లు, 15 రీబౌండ్లు. అయినా చుట్టూ ఈగల్లా ముసిరి బంతి అందనివ్వలేదు. మా బావమరిదికి ఆ రాత్రి వీడియో పంపిస్తే "పొట్టివాడు గట్టివాడు బావా" అని జవాబిచ్చాడు, తన సిద్ధాంతాన్ని అప్పటికప్పుడు గాలికొదిలేసి. ఆ మరుసటేడు పర్డ్యూ ఫైనల్‌కి వెళ్ళింది. అక్కడ ఈడీ 37 పాయింట్లు చేసినా 7 అడుగుల 2 అంగుళాల డోనొవన్ క్లింగన్ ఉన్న కనెక్టికట్ 75-60తో గెలిచింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు.

ఒకప్పుడు ఈ ఓపిక కోచ్ మంచితనం మీద ఆధారపడేది కాదు, రూల్లోనే ఉండేది. 1972 దాకా పెద్ద కాలేజీల్లో మొదటి ఏడాది కుర్రాళ్ళు ప్రధాన జట్టుకి ఆడకూడదు. వాళ్ళకి వేరే జట్టు ఉండేది. 1965లో అల్సిండర్ ఉన్న అలాంటి కుర్రజట్టు, అప్పటికి దేశం ఛాంపియన్లయిన యూసీఎల్ఏ పెద్ద జట్టునే 75-60తో ఓడించిందనుకోండి, అల్సిండర్ లాంటివాడికి ఆ ఏడాది అవసరం లేదేమో. మిగతా పొడుగు కుర్రాళ్ళకి మాత్రం అది వరం. ఆ రూలు పోయాక మిగిలింది రెడ్‌షర్ట్: ఏడాదిపాటు జట్టుతో సాధన చేస్తాడు, మ్యాచ్‌లు ఆడడు, కాలేజీకి ఆడేందుకు వాడికున్న నాలుగేళ్ళ లెక్కలోకి ఆ ఏడాది రాదు. లాగోస్‌లో హ్యాండ్‌బాల్ ఆడుకుంటూ పదహారూ పదిహేడేళ్ళప్పుడు బాస్కెట్‌బాల్ మొదలుపెట్టిన హకీమ్ ఒలాజువాన్ 1980లో హ్యూస్టన్ చేరాక మొదటి ఏడాది అలాగే గడిపాడు. ఊళ్ళో ఫాండీ రిక్రియేషన్ సెంటర్లో మోజెస్ మలోన్ లాంటి ఉద్దండుడితో కుస్తీ పడి ఆట నేర్చుకున్నాడు. ఆ తర్వాత హ్యూస్టన్ వరసగా మూడుసార్లు ఫైనల్ ఫోర్, అంటే టోర్నీలో చివరి నాలుగు జట్ల దశ, చేరింది.

ఇప్పుడు ఆ తీరుబడి ఎవరికుంది? 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు ఎక్కించుకునే జాబితా, వచ్చింది. 2021 నుంచి ఏడాది ఖాళీగా కూర్చోకుండానే ఒకసారి కాలేజీ మారవచ్చన్నారు, 2024లో ఆ ఒకసారి అన్న హద్దూ తీసేశారు. ఆటగాళ్ళకి ఇది న్యాయమే, నేను కాదనను. కోచ్‌లు కోట్లు తీసుకుని నచ్చిన చోటికి పోతుంటే కుర్రాళ్ళని కట్టిపడెయ్యడం ఏం ధర్మం? కానీ దీనివల్ల పొడుగు కుర్రాడి బేరం మారిపోయింది. నాలుగేళ్ళు నేర్పాల్సిన పద్దెనిమిదేళ్ళవాడు ఒక పక్క, ఇంకెక్కడో ఎవరో నేర్పిన ఇరవైరెండేళ్ళ సెంటరు మరో పక్క నిలబడితే, వచ్చే మార్చికి ఉద్యోగం నిలబెట్టుకోవాల్సిన కోచ్ ఎటు మొగ్గుతాడు? నేర్పినా వాడు ఉంటాడన్న నమ్మకం లేదు. పర్డ్యూలో ఎదిగిన హార్మ్సే 2020లో చివరి ఏడాదికి బ్రిగమ్ యంగ్‌కి వెళ్ళిపోయాడు. ఈ పరిస్థితుల్లో కోచ్ నేర్పలేనంటే నేను అర్థం చేసుకుంటాను. అలాంటప్పుడు "చూద్దాం, ఏమో, పనికొస్తాడేమో" అని ఏడడుగులవాణ్ణి తెచ్చి బెంచీ చివర పెట్టుకోవడం మాత్రం అర్థం కాదు. స్కాలర్‌షిప్ కోచ్‌కి లాటరీ టికెట్టే కావచ్చు, వాడికది పద్దెనిమిది నుంచి ఇరవైరెండు దాకా బతుకు.

పైగా బాగా పొడుగైనవాళ్ళలో చాలామంది ఇక్కడివాళ్ళు కారు. కెనడా, సెనెగల్, సూడాన్, నైజీరియా, కామెరూన్. అంటే వాళ్ళు ఇక్కడ ఉండేది ఎఫ్-1 వీసా మీద. ఎఫ్-1 అంటే ఏమిటో తెలుగు పాఠకులకి నేను చెప్పాలా? వారానికి 20 గంటలు క్యాంపస్ పని, గీత దాటితే స్టేటస్ గల్లంతు, ఆ భయంతోనే రెండేళ్ళు గడిపినవాళ్ళం ఇక్కడ వేలమందిమి. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చు, ఎన్ఐఎల్ అంటారు. సహచరులు కార్ల షోరూం ప్రకటనల్లో నవ్వుతుంటే, దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడైన ఈడీ మాత్రం అమెరికాలో అలాంటి ఒప్పందం చేసుకోలేకపోయాడు. పర్డ్యూలో ఎంఎస్ చేస్తున్న మన గుంటూరు కుర్రాడికీ ఆ ఏడడుగుల వీరుడికీ చట్టం దగ్గర ఒకటే హోదా. అరుదైన శరీరం తెచ్చుకున్నది వాళ్ళు, దాంతో టికెట్లు అమ్ముకునేది కాలేజీ, డబ్బు దగ్గరికొచ్చేసరికి వాళ్ళే వరస చివర. ఇది ఏ కోచ్ చేసిన తప్పూ కాదు, చట్టం అలా ఉంది. వలస చట్టం మారేదాకా విదేశీ కుర్రాణ్ణి తెచ్చే కాలేజీకి బాధ్యత రెట్టింపు అవుతుందని మాత్రం అంటాను.

ఆ బాధ్యత ఎలా గాలికి పోతుందో మాన్యూట్ బోల్ కథ చెబుతుంది. దక్షిణ సూడాన్ డింకా తెగవాడు, ఏడున్నర అడుగులు దాటినవాడు. 1980ల్లో క్లీవ్‌లాండ్ స్టేట్ అతన్ని అమెరికా తెచ్చుకుంది. ఇంగ్లీషు రాక అక్కడ చదువులోనే చేరలేకపోయాడు. అతనికీ మరో ఇద్దరు ఆఫ్రికా ఆటగాళ్ళకీ రూల్సుకి విరుద్ధంగా డబ్బు సాయం చేశారని 1988లో ఎన్‌సీఏఏ ఆ కాలేజీని శిక్షించింది. అప్పటికి బోల్ కనెక్టికట్‌లో బ్రిడ్జ్‌పోర్ట్ అనే చిన్న కాలేజీకి ఒక్క సీజన్ ఆడి, ఎన్‌బీఏకి వెళ్ళిపోయాడు. సెనెగల్‌కి చెందిన 7 అడుగుల 6 అంగుళాల టాకో ఫాల్ చదువులో చురుకు. అయినా 2015లో సెంట్రల్ ఫ్లోరిడాలో చేరబోతుంటే, తను అంతకుముందు చదివిన ఒక హైస్కూలు కోర్సుల్ని ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకోక కొన్నాళ్ళు గాల్లో వేలాడాడు. ఆ స్కూల్లో చేర్పించింది పెద్దవాళ్ళు, ఎత్తు చూసి. ఇరుక్కున్నది పిల్లాడు.

మన దేశం వాళ్ళ సంగతీ ఒక మాట. టొరంటోలో పుట్టిన పంజాబీ కుర్రాడు సిమ్ భుల్లర్, 7 అడుగుల 5 అంగుళాలు. న్యూ మెక్సికో స్టేట్‌లో రెండేళ్ళు ఆడి, రెండేళ్ళూ తమ కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల ఆటల కూటమి) టోర్నీలో ఉత్తమ ఆటగాడయ్యాడు. 2015లో శాక్రమెంటోకి ఆడి, ఎన్‌బీఏలో అడుగుపెట్టిన మొదటి భారత సంతతివాడిగా నిలిచాడు. అదే ఏడాది పంజాబులో బల్లో కే పల్లె నుంచి వచ్చిన సత్నామ్ సింగ్‌ని, 7 అడుగుల 2 అంగుళాలవాణ్ణి, డాలస్ డ్రాఫ్ట్ చేసింది. కాలేజీ మెట్టు ఎక్కకుండా సరాసరి వెళ్ళాడు. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. కాలేజీలో నాలుగేళ్ళు ఉండి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. నాకైతే సత్నామ్‌కి కావలసింది డ్రాఫ్ట్ రోజు టోపీ కన్నా, ఒక రే మేయర్ అనిపిస్తుంది.

ఇక ఒంటి సంగతి. దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు.

ఆటగాళ్ళని వెతికే స్కౌటు ఒక కుర్రాణ్ణి చూసినప్పుడు ఏం కొలుస్తాడు? ఎత్తు. ఆ తర్వాత రెండు చేతులూ బారచాపితే ఎంత అని. ఎత్తు కన్నా ఆ కొలత ఎంత ఎక్కువైతే వాడికి అంత ఆనందం. వేళ్ళు పొడుగా? ఇంకా మంచిది. ఇప్పుడు గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పొడుగు, సన్నని ఒళ్ళు, ఎత్తుని మించిన చేతులు, పొడవాటి వేళ్ళు కనిపిస్తే ఆయన మార్ఫాన్ సిండ్రోమ్ ఉందేమో చూడాలంటాడు. ఒంట్లో కణజాలాల్ని పట్టి ఉంచే పదార్థంలో లోపం అది, సుమారు 5,000 మందిలో ఒకరికి ఉంటుంది. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం, బృహద్ధమని, మెల్లగా ఉబ్బుతూ పోయి ఒకరోజు చిరిగిపోవచ్చు. పొడుగువాళ్ళలో అత్యధికులకి ఈ జబ్బు ఉండదు, భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ స్కౌటు వెతికే గుర్తులూ డాక్టరు అనుమానించే గుర్తులూ ఒకటే అయినప్పుడు, స్కాలర్‌షిప్ కాగితం కన్నా ముందు ఎకో పరీక్ష ఉండాలా వద్దా?

బేలర్ కాలేజీలో ఐజయా ఆస్టిన్ అనే 7 అడుగుల 1 అంగుళం ఆటగాడు రెండేళ్ళు ఆడాడు. 2014లో డ్రాఫ్ట్‌కి కొద్ది రోజుల ముందు, ఎన్‌బీఏ చేయించిన పరీక్షల్లో మార్ఫాన్ ఉందని తేలింది. ఆట ఆగిపోయింది. కమిషనర్ ఆడమ్ సిల్వర్ గౌరవంగా అతని పేరు ఉత్తుత్తి ఎంపికగా ప్రకటిస్తే, హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తర్వాత డాక్టర్లు సరేనన్నాక వేరే దేశాల్లో ఆడాడు, అది అతని అదృష్టం. డబ్బు పెట్టి కొనుక్కోబోతున్న లీగుకి జన్యుపరీక్ష దాకా వెళ్ళాలనిపించింది. అంతకుముందు అతను కాలేజీ కోర్టుల మీద పరిగెత్తిన రెండేళ్ళ సంగతి తలుచుకుంటే నాకు గుబులుగా ఉంటుంది.

మామాడూ ఎన్‌జాయ్ కథ దీనికి తిరగేసిన బొమ్మ. సెనెగల్ నుంచి కాలిఫోర్నియా వచ్చిన 7 అడుగుల 6 అంగుళాల కుర్రాడు. ఇక్కడి డాక్టర్ల పరీక్షల్లో పిట్యూటరీ గ్రంథి మీద కణితి బయటపడింది, అంతులేని ఆ ఎదుగుదలకి అదే కారణం. ఆపరేషన్ చేశారు. తర్వాత యూసీ అర్వైన్ తరఫున ఆడాడు, 2015లో ఆ కాలేజీ చరిత్రలో మొదటిసారి ఎన్‌సీఏఏ టోర్నీకి వెళ్ళి లూయివిల్ చేతిలో 57-55తో, వెంట్రుకవాసిలో ఓడింది. అతని ఎత్తు చూసి ఎవరో అమెరికా రప్పించకపోతే ఆ కణితి సంగతి ఎప్పటికి తెలిసేది? పొడుగు పిల్లల వేటని మొత్తంగా తిట్టలేకపోవడానికి నాకున్న కారణాల్లో ఇదొకటి.

పాదాల గురించి చెప్పడం మొదలుపెడితే వ్యాసం అయిపోదు. పాదం మధ్యలో నావిక్యులర్ అనే చిన్న ఎముక ఉంటుంది, బరువైన ఒళ్ళు దూకి దిగినప్పుడు గట్టిగా ఒత్తిడి పడే చోట్లలో అదొకటి. జోయెల్ ఎంబీడ్ కాన్సాస్‌లో ఒక్క ఏడాది ఆడి వెళ్ళేసరికి 2014లో అక్కడే విరిగింది, రెండు సీజన్లు పోయాయి. మాన్యూట్ కొడుకు బోల్ బోల్ ఓరెగాన్‌లో పట్టుమని పది మ్యాచ్‌లు ఆడకుండానే అదే ఎముక దెబ్బతిని కాలేజీ ఆట ముగించాడు. అన్నిటికన్నా ఘోరం కెన్నీ జార్జ్‌ది. యూఎన్‌సీ ఆష్‌విల్‌లో 7 అడుగుల 7 అంగుళాల సెంటరు. 2008లో మొండి ఇన్ఫెక్షన్ సోకి కుడిపాదంలో కొంత భాగం తీసెయ్యాల్సి వచ్చింది. ఎంబీడ్‌కి కోట్ల కాంట్రాక్టు ఉంది కాబట్టి పాదం బాగుచేయించుకునే వ్యవధి దొరికింది. ఆష్‌విల్‌లో ఆడేవాడికి కాంట్రాక్టు ఎక్కడిది?

ఇప్పుడు అందరి నోటా ఉన్న పేరు ఒలివియే రియూ. క్యూబెక్ కుర్రాడు, 7 అడుగుల 9 అంగుళాలు, ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైన టీనేజర్‌గా గిన్నిస్‌కి ఎక్కినవాడు. 2024లో ఫ్లోరిడా చేరి మొదటి ఏడాది రెడ్‌షర్ట్ చేశాడు. ఆ ఏడాదే ఫ్లోరిడా హ్యూస్టన్‌ని 65-63తో ఓడించి దేశం కప్పు గెలిచింది. 2025 నవంబర్ 6న నార్త్ ఫ్లోరిడాతో మ్యాచ్ చివర్లో కోర్టులోకి దిగి, కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడిన అందరిలోకీ పొడవైనవాడయ్యాడు. ఫ్లోరిడా చేసిందాన్ని నేను మెచ్చుకుంటాను, తొందరపడలేదు. అయితే స్టేడియం మొత్తం అతని పేరు అరుస్తూ "దింపండి, దింపండి" అని గోల చేస్తుంటే నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. జట్టు ముప్పై పాయింట్లు ముందున్నప్పుడు వినిపించే అరుపు అది. అందులో ప్రేమ ఎంత, తిరునాళ్ళ వినోదం ఎంత? ఆ కుర్రాడు నవ్వుతూనే దిగాడు, అతనికి లేని బాధ నాకెందుకు అనీ అనిపిస్తుంది. ఇందులో నేను ఇంకా ఒక నిర్ణయానికి రాలేదు.

మా ఊరి తెలుగువాళ్ళలోనే ఒక కుర్రాడున్నాడు, పదో తరగతి, ఆరడుగుల ఏడంగుళాలు. ఉగాదికి హాల్లోకి వచ్చాడంటే పెద్దవాళ్ళందరూ వాళ్ళమ్మని "ఏం పెడుతున్నారండీ?" అని, వాణ్ణి "బాస్కెట్‌బాలే కదా?" అని అడుగుతారు. వాడికి నిజంగా ఇష్టమైంది రోబోటిక్స్, ఆట రెండోది. వాళ్ళ నాన్న ఈమధ్య నన్ను పక్కకి పిలిచి, "అన్నా, జూన్ పదిహేను దాటితే కోచ్‌లు నేరుగా ఫోన్లు చెయ్యొచ్చంట కదా, ఏం అడగాలి?" అన్నాడు. నాకు తోచింది చెప్పాను. ఇలాంటి పిల్లలున్న ప్రతి ఇంటికీ అదే చెబుతాను.

స్కాలర్‌షిప్ ఎన్నేళ్ళకి రాసిస్తున్నారో కాగితం మీద చూడమన్నాను. 1973 నుంచి దశాబ్దాలపాటు అది ఏడాదికోసారి కోచ్ దయతో పొడిగించే సరుకుగా ఉండేది. 2012 నుంచి బహుళ సంవత్సరాలకి ఇవ్వనిచ్చారు, 2015లో అయిదు పెద్ద కాన్ఫరెన్సులు ఆట బాగాలేదన్న కారణంతో రద్దు చెయ్యకూడదని ఒప్పుకున్నాయి. మొదటి రెండేళ్ళూ పిల్లాడికి ఆట ఎవరు నేర్పుతారు, ఆ నేర్పేవాడు ఇంతకుముందు ఎవరికి నేర్పాడు అని పేర్లతో సహా అడగమన్నాను. చేరకముందే గుండెకీ కళ్ళకీ పాదాలకీ పరీక్షలు చేయిస్తారా, ఏదైనా బయటపడితే ఆడకపోయినా చదువు ఖర్చు భరిస్తారా అని అడగమన్నాను. ఈ చివరి ప్రశ్నకి కోచ్ నీళ్ళు నమిలితే అక్కడితో ఫోన్ పెట్టెయ్యమన్నాను.

వైద్యం గురించి ఇంకొకటుంది. 2024 ఆగస్టు నుంచి డివిజన్-1 కాలేజీలన్నీ ఆటలో తగిలిన గాయాలకి, ఆటగాడు కాలేజీ వదిలాక కనీసం రెండేళ్ళు వైద్యం చూసుకోవాలి. అంతకుముందుతో పోలిస్తే మేలే. కానీ రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల మనిషి పాదం ఇరవైనాలుగో ఏట బాగుపడి ఊరుకోదు, నలభయ్యో ఏట మళ్ళీ పలకరిస్తుంది. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో నాలుగో తరగతి పిల్లల్ని ఎత్తు కొలిచి, దూకించి, పరిగెత్తించి తీసుకుంటారు. తీసుకున్నాక కూడూ గూడూ చదువూ ఏళ్ళ తరబడి ప్రభుత్వమే చూస్తుంది. కొలిచి తీసుకున్నవాడు కొన్నాళ్ళు సాకాలన్న ఇంగితం అక్కడైనా ఉంది. పొడవుని చూసి తెచ్చుకున్న ఆటగాడికి ఎముకలు, కీళ్ళు, గుండెకి సంబంధించినంత వరకు కనీసం పదేళ్ళ వైద్యం కాలేజీ భరించాలని నేనంటాను.

ఇంత ఖర్చు చిన్న కాలేజీలు ఎక్కణ్ణుంచి తెస్తాయి అని ఒక మిత్రుడు అడిగాడు. తేలేని కాలేజీ ఏడున్నర అడుగులవాణ్ణి తేవద్దు, ఆరున్నర అడుగులవాళ్ళతో ఆడుకోమనండి, ఫెయిర్లీ డికిన్సన్ అంతకన్నా పొట్టివాళ్ళతోనే పర్డ్యూని ఓడించింది. పెద్ద కాలేజీలకైతే ఈ సాకు చెల్లనే చెల్లదు. న్యాయస్థానంలో కుదిరిన ఒప్పందం పుణ్యమా అని 2025-26లో ఒక్కో కాలేజీ అన్ని ఆటలూ కలిపి 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్ళకి పంచే వీలొచ్చింది. అంత డబ్బు లెక్కపెట్టే ఆఫీసులో ఒక ఎకో పరీక్షకి, ఒక పాదం ఎమ్మారైకి పద్దు దొరక్కపోతే, దొరకలేదు అనకండి, రాయలేదు అనండి.